మందకుక్క చదువు



ఈ పూట విత్తనాల సంగతీ, ఎరువుల సంగతీ పక్కన బెట్టి కుక్కను గురించి కాస్త మాట్లాడుకుందాం. కుక్కను గురించి మన పల్లెల్లో రెండు మాటలు తరచు వింటుంటాం. దెబ్బ పడందే దానికి మాట వంటబట్టదని ఒకటి. కడుపు మాడ్చి కట్టేస్తే కాపలా బాగా కాస్తుందని రెండోది. ఈ రెండూ అనుభవం మీద పుట్టిన మాటలేనని చాలామంది నమ్మకం. కాని కుక్క లేకపోతే పూట గడవని వాళ్ళు కొందరున్నారు. వాళ్ళు గొర్రెల కాపరులు. రెండు వేల యేండ్లుగా వాళ్ళు కుక్కను ఎట్లా తయారుచేసుకున్నారో వెనక్కి తిరిగి చూస్తే సంగతి వేరుగా కనబడుతుంది.

దీనికి ఒక మోటు కారణం ఉన్నది. కాపరి కొండ దిగువన నిలబడతాడు. కుక్క అరమైలు పైన మంద వెనుక ఉంటుంది. అంత దూరం కర్ర అందదు. కర్ర భయంతో పనిచేసే కుక్క కర్ర అందనంత దూరం పోయిన మరుక్షణం తన ఇష్టం వచ్చినట్టు చేస్తుంది. ఆ ఇష్టం ఏమిటంటే, చాలాసార్లు గొర్రెపిల్ల గొంతు పట్టుకోవడమే. అందుచేత కాపరికి కావలసింది దూరంగా ఉన్నప్పుడు కూడా కుక్క లోపల నిలిచి ఉండే అలవాటు. అది ఒక్క రోజున రాదు, కోపంతో అసలే రాదు.

క్రీస్తుకు పూర్వం 37వ సంవత్సరంలో రోము దేశంలో వర్రో అనే పెద్దమనిషి తన ఎనభయ్యో యేట వ్యవసాయాన్ని గురించి ఒక గ్రంథం రాశాడు. పుస్తకాలు చదివి పుస్తకం రాసిన బాపతు కాదు. సొంత మందలు ఉన్నవాడు. పశువుల భాగంలో కుక్కలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఇచ్చాడు. కుక్కను ఎవరి దగ్గర కొనాలి అన్న దగ్గర మొదలుపెడతాడు. వేటగాడి దగ్గర కొనవద్దంటాడు. ఎందుచేతనంటే, కుందేలో లేడో కనబడగానే అది మందను వదిలి పరుగెత్తుతుంది. మాంసం కొట్టేవాడి దగ్గర కూడా వద్దంటాడు. ఆ కుక్క మంద వెంట నడవడానికి బద్ధకిస్తుంది. మంద వెంట తిరగడం అలవాటైన కుక్కనైనా కొను, లేదా ఏ అలవాటూ పడని కుక్కనైనా కొను అని ఆయన సలహా. చూడండి, కుక్క జాతికంటె అది ముందు ఏ అలవాటులో పెరిగిందో అదే ఆయనకు ముఖ్యం.

తిండి సంగతి కూడా చెప్పాడు. బార్లీ రొట్టెను పాలలో నానబెట్టి పెట్టమన్నాడు. చచ్చిన గొర్రె మాంసం మాత్రం ముట్టనివ్వవద్దన్నాడు, ఆ రుచి మరిగితే బతికిన గొర్రె దగ్గర నోరు కట్టుకోవడం కష్టమవుతుందని. మన మందల దగ్గర చచ్చిన పిల్లను కుక్క ముందు పారేసే అలవాటున్నవారు ఈ మాట గమనించాలి.

ఆ అధ్యాయంలో ఒక కథ ఉన్నది. పొంటియానస్ అనే ఆసామి ఉంబ్రియా ప్రాంతపు చివర గొర్రెల మందలు కొన్నాడు. బేరంలో కుక్కలు కలిశాయి, కాపరులు కలవలేదు. కాపరులు మందలను దక్షిణాన సముద్రపు ఒడ్డుకు, కొన్నవాడికి చెందవలసిన చోటికి చేర్చి తమ ఊరు వెళ్ళిపోయారు. కొద్ది రోజులు గడిచాయి. కుక్కలు మనుషుల మీద బెంగ పెట్టుకుని, చాలా రోజుల దారి, పొలాల్లో దొరికింది తింటూ, ఎవరూ తోలకుండానే తిరిగి ఆ కాపరుల దగ్గరికే చేరుకున్నాయి! అంతకుముందు సాసెర్నా అనే వ్యవసాయ రచయిత ఒకడు, కుక్క నీ వెంట రావాలంటే ఉడికించిన కప్పను దానికి వెయ్యమని రాశాడు. ఆ కాపరులలో ఎవ్వరూ అటువంటి పని చెయ్యలేదని వర్రో చమత్కరిస్తాడు. కప్పతో పని లేకుండానే రోజూ చేతి తిండి, రోజూ వెంట నడక, ఇవి ఆ కుక్కలను కాపరులకు కట్టివేశాయి.

ఆ రోజుల్లో దెబ్బే లేదని నేననడం లేదు. కుక్కపిల్లను మొదట్లో తేలికపాటి తోలుపట్టెలతో కట్టాలని, అది పట్టె కొరకబోతే కొరడాతో కొట్టి మానిపిస్తారని వర్రోయే రాశాడు. అయితే మంద కాయడం నేర్పేచోట ఆయన కొరడా ఊసెత్తలేదు. ఆయన తరువాత ఒక శతాబ్దానికి కొలుమెల్లా అనే మరొక రోమను వ్యవసాయ రచయిత ఇంకొక చిన్న సూత్రం చెప్పాడు. కుక్క పేరు మరీ పొడుగు ఉండకూడదు, పిలవగానే చప్పున వినబడాలి. అట్లాగని రెండు అక్షరాలకు తగ్గకూడదు. మన రాముడు, నల్లోడు, సీతాలు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. మందకు తెల్లకుక్క మంచిదని కూడా ఆయన మతం. తెల్లవారుజామున, మునిమాపున తోడేలనుకుని కాపరి దాన్నే కొట్టకుండా ఉండటానికి.

ఇక అక్కడినుంచి చాలా దూరం వెళదాం. 1833లో చార్లెస్ డార్విన్, అప్పటికి ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు, దక్షిణ అమెరికాలో నేటి ఉరుగ్వే దేశపు పచ్చికబయళ్ళ మీద గుర్రమెక్కి తిరుగుతున్నాడు. మనిషి కనుచూపు మేరలో లేకుండా పెద్ద గొర్రెల మందను ఒకటి రెండు కుక్కలు కాస్తుండడం చూసి ఆశ్చర్యపడి, ఇదెట్లా సాధ్యమని విచారించాడు. తెలిసిందేమంటే: కుక్కపిల్లను చిన్ననాడే తల్లినుంచి వేరు చేస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు ఒక గొర్రెను పట్టి నిలబెట్టి, దాని పాలు కుడిపిస్తారు. గొర్రెల దొడ్డిలోనే ఉన్నితో పడక వేస్తారు. ఇతర కుక్కలతోను, ఇంటి పిల్లలతోను కలవనివ్వరు. అది పెరిగి పెద్దదై గొర్రెలే తన వాళ్ళనుకుంటుంది.

డార్విన్ వర్ణించిన ఒక దృశ్యం భలే తమాషాగా ఉంటుంది. ఆ మందకుక్క రోజూ మాంసం ముక్క కోసం ఇంటికి వస్తుంది. ఇంటి కుక్కలు దాన్ని తరుముతాయి. ముక్క నోట కరచుకుని సిగ్గుపడ్డట్టుగా జారుకుంటుంది. కాని మందను చేరగానే వెనక్కు తిరిగి ఒక్క అరుపు అరుస్తుంది, అంతే, తరిమి వచ్చిన కుక్కలన్నీ తోకలు ముడుస్తాయి. ఇక్కడ దానికి ఎవరూ ధైర్యం నూరిపోయలేదు. రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రెను పట్టి నిలబెట్టిన ఎవరో పనివాడి ఓపికే ఆ ధైర్యం. పాలు మరిచేవరకు వారాలపాటు ఒక్క పూట తప్పకుండా చేయాల్సిన చాకిరి అది.

కాపలా కుక్క ఒక రకం, మందను తోలే కుక్క మరొక రకం. రెండో రకానికి పేరు మోసిన ప్రాంతం ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు కొండలు. అక్కడి ఎట్రిక్ లోయలో 1770లో పుట్టిన జేమ్స్ హాగ్ చిన్నప్పుడే బడి మాని పశువులు, గొర్రెలు కాశాడు. తరువాత ఆ దేశంలో పేరున్న కవి అయినాడు. ఆయన ఒకనాడు దారిలో పశువులు తోలుకుపోయే వాడొకడు తాడు కట్టి లాక్కుపోతున్న ఒక కుక్కను చూశాడు. బక్కచిక్కి ఉన్నది, ఆకలితో ఉన్నది, యేడాదైనా నిండలేదు, దాని ముఖం చూస్తే ఎవరికీ ముద్దు రాదు. హాగ్ దానికి ఒక గినీ, అనగా ఇరవై ఒక్క షిల్లింగులు ఇచ్చి కొన్నాడు. ఆ కుక్కకు సిర్రా అని పేరు. అది అంతవరకు ఒక్క గొర్రెనైనా మళ్ళించి ఎరగదు. అయితే ఇది తన పని అని, ఇది చేస్తే యజమాని సంతోషిస్తాడని తెలిసిన తరువాత అది ఎంత ఆత్రంగా నేర్చుకున్నదో హాగ్ రాశాడు. యజమాని ఏమి కోరుతున్నాడో తెలిసేదాకా అటూ ఇటూ ప్రయత్నించి చూసేదట. ఒకసారి తెలిస్తే మళ్ళీ మరిచేది కాదట.

తరువాత ఒక రాత్రి పరీక్ష వచ్చింది. పాలు మాన్పించిన పిల్లలు సుమారు ఏడు వందలు హాగ్ కాపలాలో ఉన్నాయి. తల్లులకోసం బెంగపడి అర్ధరాత్రి అవి విరుచుకుపడి మూడు గుంపులై కొండల్లోకి పారిపోయినాయి. కటిక చీకటి. హాగ్, అతని తోడు కుర్రవాడు కేకలు వేశారు, లాభం లేకపోయింది. కుక్క ఎటు పోయిందో కనబడలేదు. వాళ్ళిద్దరూ తెల్లవార్లూ వెతికి, ఒక్క పిల్లనైనా కనుక్కోలేక, యజమానికి ఏం మొహం చూపించాలా అనుకుంటూ తిరిగి వస్తుంటే, ఒక లోయలో పిల్లల గుంపు, దాని ముందు సిర్రా నిలబడి ఉన్నాయి. మూడింట ఒక గుంపును పట్టిందేమో అనుకున్నారు. లెక్క చూస్తే ఏడు వందలూ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు! ఆ చీకట్లో దానికి సైగ చెయ్యడానికి గాని, ఈల వెయ్యడానికి గాని మనిషి దగ్గర లేడు. కూలికి కాసే కాపరికి ఏడు వందల పిల్లలు పోతే బతుకే పోయినట్టు. ఆ గినీకి అంతకంటె వడ్డీ ఏముంటుంది?

అటువంటి కుక్కల పనితనం జనం కళ్ళకు కనబడింది పందెాలు మొదలైన తరువాత. 1873 అక్టోబరు 9న వేల్స్ దేశంలో బాలా అనే ఊళ్ళో, రివ్లాస్ ఎస్టేటు యజమాని లాయిడ్ ప్రైస్ పూనికతో, మందకుక్కల పోటీ జరిగింది. పది కుక్కలు పాల్గొన్నాయి. గెలిచింది ట్వీడ్ అనే చిన్న కుక్క, దాని యజమాని వేల్స్‌లో స్థిరపడిన తామ్సన్ అనే స్కాట్లండు వాడు. 1906లో అంతర్జాతీయ మందకుక్కల సంఘం ఏర్పడింది.

ఈ మధ్యకాలంలో, 1893 సెప్టెంబరులో, సరిహద్దు కొండల్లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు ఇంట ఒక కుక్క పుట్టింది. దాని పేరు హెంప్. తండ్రి రాయ్ చలాకీ కుక్క, చూపులో పదును తక్కువ. తల్లి మెగ్ బెరుకు కుక్క, కాని గొర్రెను చూపుతోనే నిలబెట్టగలది. కొడుకుకు ఇద్దరి మంచీ కలిసి వచ్చింది. అది మొరగకుండా, కరవకుండా, ఒళ్ళు వంచి నింపాదిగా కదిలేది. గొర్రెలు బెదరక దాని మాట వినేవి. 1901లో అది చనిపోయేనాటికి దాని సంతానం ఆ కొండలంతటా వ్యాపించింది. నేటి బార్డర్ కోలీ జాతి వంశవృక్షాల మొదట్లో కనబడేది ఆ హెంపే. అంతకుముందు కేకలు వేస్తూ తోలించడం గొప్ప అనుకున్న కాపరులకు, మెల్లగా తోలిన గొర్రె బరువు తగ్గదని, ఈసుకుపోదని తెలిసివచ్చింది.

ఆ కాపరుల పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. కుక్కపిల్లకు రెండు నెలలప్పుడే పేరు, ఆ తరువాత పిలిస్తే రావడం, పడుకో అంటే పడుకోవడం అలవాటు చేస్తారు. అది కూడా వేరే బడి పెట్టి కాదు, తిండి పెట్టేటప్పుడు, గేటు దాటేటప్పుడు. గొర్రెలను మాత్రం వెంటనే చూపించరు. ఎనిమిది నెలలు, పది నెలలు, కొన్నిటికి యేడాది కూడా ఆగుతారు. గొర్రెకంటె వేగంగా పరుగెత్తి చుట్టి రాగల బలం రాకముందు మందలోకి వదిలితే అది వెనకబడి వెంటాడటమే నేర్చుకుంటుంది. మొదట నాలుగైదు సాధు గొర్రెలు, చిన్న మైదానం, కుక్క మెడకు పొడుగాటి సన్నని తాడు. ఒక పదినిమిషాలు, అంతే. కాపరి గొర్రెలకు ఒక పక్కన నిలబడితే కుక్క తనంతట తానే ఎదురు పక్కకు పోతుంది. అది పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ బుద్ధి పనిచేస్తున్న క్షణాన దానికొక మాట తగిలిస్తారు. గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టి వస్తుంటే ఒక మాట, ఎదురు దిక్కున వస్తుంటే మరొక మాట. ముందు పని, తరువాత మాట. మనం దీన్ని తిరగేసి, ముందు మాట అరిచి, కుక్కకు అది తెలియకపోతే తంతాం.

తప్పు చేస్తే? పని ఆపేస్తారు. పడుకోబెట్టి గొర్రెలకు దూరంగా తీసుకుపోతారు. ఆ కుక్కకు గొర్రెలను తోలడంకంటె తీపి వస్తువు లోకంలో లేదు, కాబట్టి అదే శిక్ష. సరిగా చేస్తే మళ్ళీ తోలనివ్వడమే బహుమానం. అలిసిపోకముందే, ఇంకా తోలాలని ఉండగానే చాలించడం వాళ్ళ రహస్యం. ఇట్లా రెండేళ్ళు దాటేసరికి గాని కుక్క నమ్మకంగా తయారు కాదు.

మరి కుక్కకు చదువంటే గొలుసు పట్టి గుంజడమనే పద్ధతి ఎక్కడిది? చాలావరకు పోలీసు, సైన్యాలనుంచి. జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ అనే అధికారి 1910లో కుక్కల శిక్షణపై పుస్తకం రాశాడు. బహుమానం విలువ తెలియనివాడు కాదు, కాని బలవంతానికి అందులో పెద్ద పీట వేశాడు. యుద్ధాలకు వేలకొద్దీ కుక్కలు త్వరత్వరగా కావలసి వచ్చినాయి. ఆ తొందర పద్ధతి తరువాత ఇళ్ళల్లోకి వచ్చింది. నన్నడిగితే, కాపరికి తెలిసిన దాన్ని బస్తీవాళ్ళు యాభై యేళ్ళపాటు మరిచిపోయారు.

దాన్ని మళ్ళీ గుర్తుచేసింది ప్రయోగశాలలు. రష్యాలో పావ్లోవ్ జీర్ణక్రియ మీద పనిచేస్తూ, తిండి కనబడకముందే తెచ్చే మనిషి జాడకు కుక్క నోరు ఊరడం గమనించిన సంగతి మీలో చాలామంది విన్నదే. అమెరికాలో స్కిన్నర్ 1951లో రాసిన ఒక వ్యాసంలో ఇంట్లో ఎవరైనా కుక్కకు నేర్పవచ్చన్నాడు: కావలసిన పనికి దగ్గరగా ఏ చిన్న కదలిక వచ్చినా ఆ క్షణానే టిక్కుమనిపించి, తాయిలం పెట్టాలి. టిక్కుమనిపించడానికి ఆయన సూచించింది నొక్కితే చప్పుడు చేసే పిల్లల ఆటవస్తువు. మన తిరునాళ్ళలో అమ్మే రేకు కప్ప అటువంటిదే. సాసెర్నా కప్ప రెండు వేల యేళ్ళ తరువాత ఈ వేషంలో తిరిగి వచ్చిందన్న మాట!

స్కిన్నర్ శిష్యులు కెల్లర్ బ్రెలండ్, ఆయన భార్య మేరియన్, 1947లో ఈ విద్యను వ్యాపారంగా పెట్టారు. వాళ్ళ మొదటి ఖాతాదారు దాణా అమ్మే జనరల్ మిల్స్ కంపెనీ. రైతు సంతల్లో ఆ కంపెనీ దాణా ప్రచారానికి కోళ్ళచేత ఆటలాడించేవారు. ఒక్క దెబ్బ లేకుండా! 1961లో వాళ్ళే ఇంకొక మాట కూడా నిజాయితీగా ప్రకటించారు. కొయ్య నాణేలను తెచ్చి డబ్బాలో వెయ్యడం నేర్పిన పందులు కొన్ని వారాలకు ఆ నాణేలను దారిలోనే పడేసి ముట్టెతో కుమ్మడం మొదలుపెట్టాయట. ఎంత నేర్పినా జాతి బుద్ధి లోపలినుంచి లాగుతుంది. వర్రో వేటగాడి కుక్కను కొనవద్దన్నది ఇందుకే గదా.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. కుక్కకు ఆ మొక్క వయస్సు ఎంతో లెక్కగా చెప్పినవారు అమెరికాలో బార్ హార్బర్ పరిశోధనశాలవారు. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో ప్రచురించిన గ్రంథం ప్రకారం మూడో వారం మొదలు పన్నెండో వారం లోపల కుక్కపిల్ల ఎవరిని, వేటిని చూస్తూ పెరిగితే వాటినే తన వాళ్ళుగా భావిస్తుంది. పద్నాలుగు వారాలపాటు మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత మనిషిని చూస్తే అడవి జంతువుల్లా పారిపోయినాయి. ఉరుగ్వే పనివాళ్ళకు ఈ లెక్క తెలియదు, కాని పని మాత్రం ఆ వయస్సులోనే చేశారు.

రోజూ సాధన అన్నాను గనుక ఒక హెచ్చరిక చెప్పాలి. 2011లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు బీగిల్ కుక్కలపై చేసిన పరిశోధనలో, రోజూ పాఠం చెప్పిన వాటికంటె వారానికి ఒకటి రెండుసార్లు చెప్పినవి తక్కువ పాఠాలతోనే నేర్చుకున్నాయి. ఒకే రోజు ఎక్కువసేపు సాగదీసినా లాభం లేదు. కాబట్టి కొత్త పాఠం చిన్నదిగా, మధ్య విరామంతో ఉండాలి. రోజూ తప్పకుండా ఉండవలసింది పాత అలవాటు: అదే గేటు దగ్గర ఆగడం, అదే పిలుపుకు రావడం. దెబ్బ సంగతికి వస్తే, 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను పరీక్షించారు. గుంజి, గద్దించి నేర్పిన కుక్కల ఒంట్లో కలత ఎక్కువగా కనబడింది.

ఇప్పుడు మన సంగతి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండవది. ఇన్ని మందల వెంట ఎన్ని కుక్కలు తిరుగుతున్నాయో ఊహించండి. కొల్లేటి ప్రాంతంలో జోనంగి అనే నున్నటి బొచ్చు కుక్కను బాతుల మందలు తోలడానికి వాడేవారు. బాతు గుడ్డును, పిల్లను ముట్టకుండా మందను నడిపించే కుక్కను మన కోస్తావాళ్ళు తయారుచేశారంటే, ఆ ఓపిక మనకు పరాయిది కాదన్నమాటే. చేపల చెరువులు వచ్చి బాతుల మందలు తగ్గాక ఆ కుక్కకు పని పోయింది. పని లేని కుక్కను తిట్టడం తేలిక.

ఇంట్లో కుక్కపిల్ల ఉన్నవారు ముందు ఒక మాట మీద నిలబడండి. రావడానికి నాయన దా అని, అమ్మ ఇటురా అని, పిల్లలు ఈల వేసి పిలిస్తే దానికి మూడు భాషలవుతాయి. పిలిచి కొట్టకండి. వచ్చినందుకు కొట్టారని అది లెక్క వేసుకుంటుంది, చేసిన తప్పు దానికి గుర్తుండదు. కడుపునిండా సంగటి పెట్టండి. ఆకలి కుక్క కాపలా కాయదు, తిండి వెతుక్కుంటూ ఊరిమీద పడుతుంది. మూడు నెలలు నిండగానే పశువైద్యశాలకు తీసుకుపోయి రేబీస్ టీకా వేయించి, డాక్టరుగారు చెప్పిన గడువుకు మళ్ళీ వేయించండి. మంద కోసం పెంచేదైతే ఆరేడు వారాలప్పటినుంచీ రాత్రిళ్ళు గొర్రెల దొడ్డిలోనే ఒక మూల తడిక కట్టి పడుకోబెట్టండి. గొర్రెలు దాన్ని వాసన చూడాలి, అది గొర్రెలను వాసన చూడాలి. మీరు పగలు రెండు పూటలా చేతితో తిండి పెడుతూ నిమరండి, ఉరుగ్వేలోవలె మనిషికి పూర్తిగా దూరం చేయనక్కరలేదు. పిల్లలతో ఆడబోయి చెవి పట్టి లాగితే లేవదీసి తడిక అవతల పెట్టండి, కాసేపాగి మళ్ళీ వదలండి. పది రోజులపాటు రోజుకు పదిసార్లు చేయవలసి రావచ్చు. కొత్తగా ఈనిన గొర్రె దగ్గరకు మాత్రం రెండు మూడు రోజులు పోనివ్వకండి. తల్లి పొడుస్తుంది, పొడుపు తిన్న కుక్కపిల్లకు గొర్రె అంటే భయం పట్టుకుంటుంది, ఆ భయం పోగొట్టడానికి మళ్ళీ మొదటినుంచి రావాలి.